గుంజ దాటితే తెగే ఫోను

నేను చేసిన ఉద్యోగానికి కంపెనీ పెట్టిన పేరు చాలా పొడుగ్గా ఉండేది. మా ఆవిడ మాత్రం ఎవరైనా అడిగితే, "మాట్లాడుతుండగా మధ్యలో తెగిపోయే ఫోన్లు తెగకుండా చూస్తారండీ" అని చెప్పేది. అంతకంటే బాగా నేను కూడా చెప్పలేను. ఒక సెల్‌ఫోన్ కంపెనీకి అమలాపురంలో ఉన్న ఆఫీసులో నా కుర్చీ. కొత్తపేట నుంచి రాజోలు దాకా, అటు ఉప్పలగుప్తం చెరువుల దాకా ఎక్కడ ఫోన్ తెగినా ఆ ఫిర్యాదు నా బల్ల మీదికి వచ్చేది. నా పేరు దైవసహాయం. ఊళ్ళల్లో మాత్రం "టవర్ గారు" అనేవారు. మా వైపు మర్యాద అలాంటిది. ఇనప స్తంభానికైనా గారు తగిలిస్తారు.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవి ఆలస్యంగా వచ్చాయి. రానివి ఎందుకు రాలేదో ఇది చదివితే మీకే అర్థమవుతుంది.

ముందు ఒక్క ముక్క తెలుసుకోండి. మనిషి మాట్లాడుతూ నడుస్తుంటే అతని మాటని ఒక టవర్ ఇంకో టవర్‌కి అందిస్తూ పోతుంది. పడవలోంచి గట్టు మీదికి కొబ్బరికాయలు ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి అందించుకుంటారు చూడండి, అలాగే. పక్కన ఎవరున్నారో తెలిస్తేనే కదా అందించేది. అందుకని ప్రతి టవర్ దగ్గరా తన ఇరుగుపొరుగు టవర్ల జాబితా ఉంటుంది. ఆ జాబితాలో పేరు లేని టవర్ ఎంత దగ్గర్లో ఉన్నా లేనట్టే. కాయ నీళ్ళల్లో పడుతుంది, ఫోన్ తెగుతుంది.

బండారులంక చీరల కొట్టు

నాకు మొదటి పాఠం బండారులంకలో దొరికింది. ఊరంతా ఫోన్లు తెగుతున్నాయని వరసగా ఫిర్యాదులు. మూడు రోజులు అక్కడే ఉన్నాను. టవర్ ఎక్కించి కేబుళ్ళు మార్పించాను, యాంటెన్నా మార్పించాను, కింద పెట్టెలో సామాను సగం మార్పించాను. ఏం చేసినా పొద్దున్న బాగుండేది, పది దాటగానే మళ్ళీ మొదలు. నాకు పిచ్చెక్కినంత పనైంది.

మూడో రోజు మంచినీళ్ళ కోసం ఒక ఇంటికి వెళ్తే, మగ్గం గుంటలో కూర్చున్న పెద్దాయన నేస్తూనే అన్నాడు. "ఆ చీరల కొట్టు తీసి ఉన్నంతసేపే తెగుతాదండీ. కొట్టాయన భోజనానికి వెళ్తే శుభ్రంగా ఉంటదండీ, ఆయ్."

వెళ్ళి చూస్తే కొట్టు డాబా మీద, నీళ్ళ ట్యాంకు వెనకాల, సిగ్నల్ పెంచే బూస్టరు! ఎక్కడో కొనుక్కొచ్చి బిగించుకున్నాడు. ఊళ్ళో అందరూ మామూలుగా మాట్లాడుతుంటే ఒక్కడు మైకు పెట్టి అరిచినట్టు, టవర్‌కి ఇంకెవరి మాటా వినపడనివ్వడం లేదు. కొట్టాయన పాపం చాలా మంచివాడు. కుర్చీ వేసి, టీ ఇప్పించి, "బేరాలకి చీరలు వీడియోలో చూపించాలి కదండీ, ఊరికి కూడా మంచిదే అనుకున్నానండీ" అన్నాడు. టీ తాగి బూస్టరు ఊడదీయించాను. ఆ సాయంత్రానికి ఊరు బాగుపడింది.

తిరిగి వస్తూ మగ్గం పెద్దాయన్ని అడిగాను. "బాబాయిగారూ, ఇది మొదటి రోజే చెప్పొచ్చు కదండీ?"

"మీరు పైన పనిలో ఉన్నారు కదండీ. కదపడం ఎందుకని ఊరుకున్నానండీ."

ఆ మాట నేను నవ్వుకుంటూ విన్నాను. నవ్వాల్సిన మాట కాదని తెలియడానికి తరవాత నాకు పెద్ద దెబ్బే తగలాల్సి వచ్చింది.

నేను మూసేసిన ఫిర్యాదు

రాజోలు అవతల, వశిష్ఠ గోదావరి మధ్యలో ఒక లంక ఉంది. చింతావారిలంక అనుకోండి, అసలు పేరు రాయడం నాకిష్టం లేదు. రోడ్డు లేదు, పడవే గతి. అక్కడ ఆశా కార్యకర్త రూతమ్మ గారు. గర్భిణీలని ఏటి ఇవతలికి చేర్చి ఆసుపత్రికి పంపే బాధ్యత ఆవిడదే. ఆవిడ దగ్గర్నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది: ఏరు దాటుతుంటే ఫోన్ తెగిపోతోంది.

బండారులంక తరవాత నేను పెద్ద తెలివైనవాణ్ణి అయిపోయాను కదా, జనాన్ని అడిగి తెలుసుకునే రకం. వెంటనే ఆవిడకి ఫోన్ చేశాను.

"అమ్మా, ఇప్పుడెలా ఉందండీ ఫోను?"

"ఇప్పుడు బాగానే వినపడుతోందండీ. అంత పెద్ద ఆఫీసు నుంచి మీరే స్వయంగా చేసేరు, అదే పదివేలండీ."

ఆవిడ మాట్లాడింది ఇంట్లో కూర్చుని. తెగేది ఏటి మీద. ఆ ముక్క నేను అడగలేదు. అంత మర్యాదగా పలకరించిన మనిషితో ఇంకా బాగాలేదని చెప్పడం ఆవిడకి చేతకాలేదు. సమస్య తీరిందని రాసి ఫిర్యాదు మూసేశాను. రెండు నిమిషాల పని.

మూడు వారాలకి గోదారికి వరద, ఎర్రనీళ్ళు వచ్చాయి. లంకలో సుజాత అనే అమ్మాయికి పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. రూతమ్మ గారు ఇవతలి గట్టున పెద్దరేవుకి రమ్మని అంబులెన్స్‌కి చెప్పి, పిల్లని పడవ ఎక్కించారు. ఏటి మధ్యకి వచ్చేసరికి పెద్దరేవు మునిగిపోయినట్టు కనిపించింది. దిగువనున్న పాతరేవుకి రమ్మని అంబులెన్స్‌కి చెప్పబోతే ఫోన్ తెగింది. మళ్ళీ చేస్తే కలవలేదు. అంబులెన్స్ పెద్దరేవు దగ్గరే ఎదురుచూసింది. వీళ్ళు పాతరేవు గట్టు మీద, వర్షంలో, టార్పాలిన్ కింద. కాన్పు అక్కడే అయింది, రూతమ్మ గారి చేతుల మీద. బిడ్డ బాగానే ఉంది. తల్లికి రక్తం ఆగలేదు. బతికింది గానీ రెండు నెలలు మంచం దిగలేదు.

ఇదంతా రూతమ్మ గారే మా ఆఫీసుకి వచ్చి, నా ఎదురుగా కూర్చుని చెప్పారు. "మిమ్మల్ని అనడానికి రాలేదండీ. ఇంకోసారి చూస్తారేమోనని వచ్చేనండీ. ఎర్రనీళ్ళు ఏటా వస్తాయి కదండీ."

నన్ను నాలుగు తిట్టి ఉంటే హాయిగా ఉండేది. ఆవిడ వెళ్ళాక నేను మూసేసిన ఫిర్యాదు తెరిచి చూసుకున్నాను. కింద నా పేరే. అంత సిగ్గు నా జన్మలో ఎప్పుడూ పడలేదు. వచ్చే వరదలోగా ఇది బాగుచేయకపోతే ఉద్యోగం మానేస్తానని ఆ రాత్రి మా ఆవిడతో చెప్పాను. "ముందు బాగుచేయండి, మానేసే సంగతి తరవాత చూద్దాం" అంది.

పచ్చటి పటం

అప్పటి మా పైఆఫీసరు మూర్తి గారు. మంచివాడు, కష్టజీవి, ఒక్క రోజూ ఆలస్యంగా రాలేదు. ఆయనకున్న జబ్బల్లా గోడ మీది పటం. ఫోన్లు బాగున్నచోట ఆకుపచ్చ, తెగేచోట ఎరుపు. ఆయన ఏలుబడిలో కోనసీమంతా ఆ పటం మీద నాట్లు పడ్డ వరిచేనులా ఉండేది.

"లంకలో కాల్స్ తెగట్లేదయ్యా. చూడు, నెలంతా కలిపి చూసినా నాలుగైదు. అమలాపురం సెంటర్లో ఇంతకంటే ఎక్కువ తెగుతాయి" అన్నారు. నిజమే. నేను ఎన్నిసార్లు తిప్పి చూసినా లెక్కలు అలాగే ఉన్నాయి.

"కారేసుకుని పరీక్ష కూడా చేశాంగా" అన్నారు. చేశాం. కారు ఏటిగట్టు దాకా వెళ్ళి, అక్కడ వెనక్కి తిరిగింది. గట్టు మీద సిగ్నల్ బ్రహ్మాండం.

"అయితే పడవేసుకుని చేస్తానండీ."

"ల్యాప్‌టాప్ నీళ్ళల్లో పడితే?"

"నేను కూడా దాంతోపాటే దూకుతానండీ."

ఆయనకి నవ్వొచ్చింది. ఆయన చేత సంతకం పెట్టించింది ఆ నవ్వే. ఆఫీసరుతో వాదించి గెలవడం కష్టం. ఒక్కసారి నవ్వించగలిగితే సగం పని అయిపోయినట్టే. ఇది ఏ ట్రైనింగులోనూ చెప్పరు.

పడవ మీద

లంకకి పడవ నడిపేది నూకరాజు. ఇంజను పడవ, పాతికేళ్ళ అనుభవం. చలికాలం, ఏరు నిమ్మళంగా ఉంది. పడవలో ఎనిమిది మంది ఉన్నారు, రూతమ్మ గారు కూడా. నేను ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష ఫోన్ చేత్తో పట్టుకుని కూర్చున్నాను. ముగ్గురు నలుగురు ఫోన్లో మాట్లాడుతున్నారు.

ఏట్లో కొంతదూరం వెళ్ళాక వలలు కట్టుకునే గుంజ ఒకటి పాతి ఉంది. పడవ దాని దగ్గరికి వచ్చేసరికి నేను చూస్తుండగానే ఒక వింత జరిగింది. ఒకాయన "సరే బావా, ఉంటాను మరి" అని ఫోన్ పెట్టేశాడు. వెనకావిడ "ఉంటానమ్మా, మళ్ళీ చేస్తాను" అని పెట్టేసింది. ఇంకో ఇద్దరు కూడా అంతే. అందరూ పది బారల దూరంలోపే.

"ఏంటి నూకరాజు గారూ, అందరూ ఒకేసారి పెట్టేశారు?"

"గుంజ దాటితే తెగిపోద్దండీ. అవతలోళ్ళు మాట్లాడతా ఉండగా మద్దెలో తెగితే బాగోదు కదండీ, మర్యాద కాదండీ. అందుకని ఇక్కడికి రాగానే మేవే చెప్పేసి ఎట్టేస్తామండీ. లంకలో చిన్నపిల్లలకి కూడా తెలుసండీ, ఆయ్."

మా కంప్యూటర్‌కి తెగిన ఫోన్ తెలుస్తుంది. తెగుతుందని ముందే పెట్టేసిన ఫోన్ తెలియదు. ఊరు ఊరంతా ఏళ్ళ తరబడి మా లోపాన్ని తమ మర్యాదతో కప్పెట్టేసింది. మూర్తి గారి పటం మీద పచ్చరంగు వేసింది వీళ్ళే.

గుంజ దగ్గర ఆగని మనిషి ఒక్కరే, ఆగడానికి వీల్లేని మనిషి: రూతమ్మ గారు. ఆ నాలుగైదు తెగిన కాల్స్‌లో ఎక్కువ ఆవిడవే.

నూకరాజు ఇంజను చప్పుడులో నాకు మాత్రమే వినపడేలా అన్నాడు. "మా అమ్మాయి దుర్గకి ఇప్పుడు మూడో నెలండీ. లెక్క చూసుకుంటే సరిగ్గా ఎర్రనీళ్ళలో వస్తాదండీ."

పడవలో అందరికీ వినపడేలా చెప్పాను. "నాకోసం ఇంకొక్కసారి ఏరు దాటండి, ఈసారి అందరూ మీవాళ్ళకి ఫోన్ చేయండి. ఎవరూ పెట్టేయొద్దు. మధ్యలో తెగితే మీవాళ్ళకి నేను క్షమాపణ చెప్తాను."

వాళ్ళకి అది ఎంత కష్టమైందో! గుంజ దగ్గరికి రాగానే ఒకావిడ చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోయింది, పక్కావిడ పట్టుకుని ఆపింది. గుంజ దాటాక ఒకటి తెగింది. రెండు, మూడు, నాలుగు. నా ల్యాప్‌టాప్ మీద ఆ జాగాలో మా గట్టు టవర్ గొంతు మూలుగులా ఉంది. నీళ్ళ మీదుగా అవతలి గట్టు టవర్ మాత్రం చెవి దగ్గర పలికినట్టు వినపడుతోంది. ఫోన్లు దానికి పోవాలని చూస్తున్నాయి, మా టవర్ పంపడం లేదు. దాని జాబితాలో ఆ పేరే లేదు.

ఆ రోజు ఆ ఏరు ఆరుసార్లు దాటాను. ఆరుసార్లూ అదే చోట తెగింది. గట్టెక్కేసరికి నాకు ఈల వేయాలనిపించింది. జబ్బు ఏమిటో తెలియడం ఎంత ఆనందమో మీక్కూడా ఎప్పుడో ఒకప్పుడు తెలుస్తుంది.

వర్మ గారి భోజనం

మూర్తి గారికి ఆ రికార్డంతా చూపించాను. ఆయన అద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, పటం వైపు చాలాసేపు చూశారు. "ఇన్నాళ్ళూ దీన్ని చూసి పొంగిపోయానయ్యా" అన్నారు. పెద్ద కుర్చీలో కూర్చుని అంత మాట అన్నవాళ్ళని నేను ఎక్కువమందిని చూడలేదు. అప్పటిదాకా నేను ఆయన్ని తక్కువ అంచనా వేశాను, ఇది నా రెండో తప్పు.

అవతలి గట్టు టవర్లు మా కంపెనీవే, ఆఫీసు మాత్రం వేరు. అక్కడి ఆఫీసరు వర్మ గారు. ఇరుగుపొరుగు టవర్ల జాబితా దానంతటదే తయారయ్యే ఏర్పాటు ఎప్పుడో వచ్చేసింది. ఏటి హద్దు దగ్గర మాత్రం దాన్ని ఆయన ఆపించి పెట్టారు. మా వైపు జనం ఆయన టవర్ల మీద పడితే ఆయన లెక్కలు చెడిపోతాయట!

"మీ లంక మీరు చూసుకోండి" అన్నారు ఫోన్లో. అప్పుడు నాకు ఒళ్ళు మండి, "ఏట్లో ఉన్న ఆడమనిషికి ఏ గట్టు ఎవరిదో చూసుకునే తీరిక ఉంటుందా అండీ?" అని అరిచాను. అరిస్తే పనవుతుందా? ఆయన ఫోన్ పెట్టేశారు.

నాలుగు రోజులు పోయాక కోపం దిగమింగి, మా వైపు వాళ్ళకి తెలిసిన పద్ధతిలోకి దిగాను. భోజనానికి పిలిచాను. రొయ్యల ఇగురు, ఆత్రేయపురం పూతరేకులు అని కూడా చెప్పాను. పిలిచిన భోజనానికి రానని చెప్పడం ఏ గట్టువాళ్ళకీ రాదు. ఆదివారం నూకరాజు పడవ అవతలి గట్టుకి పంపాను. నేను కూడా అందులోనే వెళ్ళాను.

పడవ బయల్దేరాక, "ఇంటికి ఫోన్ చేసి బయల్దేరానని చెప్పండి సార్" అన్నాను. చేశారు. భార్యగారు ఏదో గట్టి విషయమే ఎత్తుకున్నట్టున్నారు, ఈయన ఊఁ కొడుతున్నారు. ఏరు సగం దాటాక ఠక్కున తెగింది. మా గట్టు దిగీ దిగగానే ఆవిడ దగ్గర్నుంచి ఫోన్. ఆవిడ గొంతు నాకు కూడా వినపడింది. "నేను మాట్లాడుతుంటే పెట్టేస్తారా?"

"నేను పెట్టలేదే! తెగింది!" అని వర్మ గారు నాలుగుసార్లు చెప్పుకున్నారు. ఆవిడ నమ్మలేదు. నూకరాజు తలొంచుకుని తాడు కట్టుకుంటున్నాడు, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

భోజనం అయ్యాక వర్మ గారు, "ఏదీ, ఆ రికార్డు చూపించండి" అన్నారు. రూతమ్మ గారి సంగతి, సుజాత సంగతి అప్పుడు చెప్పాను. పూతరేకు చేతిలోనే ఉండిపోయింది ఆయనకి. సోమవారం పొద్దున్న ఆయన ఆఫీసులో ఆ అడ్డు తీసేశారు. మేము మా యాంటెన్నా కొంచెం ఏటివైపు తిప్పాం. అంతా కలిపి ఒక పూట పని. ఆ పూట కోసం ఆ లంక అన్నేళ్ళు గుంజ దగ్గర ఫోన్ పెట్టేసుకుంటూ బతికింది.

నేను మాత్రం ఈసారి ఎవరినీ ఫోన్లో అడగలేదు. వరద వచ్చేలోగా పదిసార్లు నేనే వెళ్ళి ఏరు దాటి చూసుకున్నాను.

ఎర్రనీళ్ళు

శ్రావణమాసంలో వచ్చింది వరద. లంకలో సగం ఇళ్ళ అరుగుల దాకా నీళ్ళు. ఆ పొద్దున్న దుర్గకి నొప్పులు మొదలయ్యాయి. జరిగింది జరిగినట్టు రూతమ్మ గారు చెప్పిందే రాస్తున్నాను.

కూతుర్ని పడవలో పడుకోబెట్టి నూకరాజు తనే ఇంజను పట్టాడు. రూతమ్మ గారు అంబులెన్స్ డ్రైవరుకి ఫోన్ చేసి, పెద్దరేవుకి రమ్మని చెప్పి, ఫోన్ చెవి దగ్గరే ఉంచుకున్నారు. గుంజ నీళ్ళల్లో మునిగిపోయింది. అయినా అది ఎక్కడుందో నూకరాజుకి తెలుసు కదా, పాతికేళ్ళ అలవాటు.

"అమ్మా, గుంజ వచ్చేసిందండీ! చెప్పాల్సింది చెప్పేసి ఎట్టేయండి!"

"పెట్టనండీ! మీరు పడవ చూడండి!"

పడవ గుంజ దాటింది. ఫోన్లో డ్రైవరు, "చెప్పండమ్మా, వినపడుతోంది" అన్నాడు.

అక్కడినుంచి ఏరు మాట వినలేదు. పెద్దరేవుకి పడవ తిరగలేదు, ప్రవాహం కిందికి లాగేసింది. "పాతరేవుకి పోనివ్వండి బాబూ" అని ఈవిడ చెప్పారు. అక్కడికి చేరేసరికి వరదలో కొట్టుకొచ్చిన చెట్టొకటి రేవుకి అడ్డంగా పడి ఉంది. "ఇక్కడ కూడా కాదు బాబూ, ఇంకా కిందికి, ఇటుకబట్టీ దగ్గరికి! గట్టు మీదే రండి, మీ బండి నాకు కనపడుతోంది!" ఏట్లో పడవ, గట్టు మీద అంబులెన్స్, రెండూ ఒకదానికొకటి సమంగా నడిచాయి. మధ్యలో ఆ ఫోన్. పడవ గట్టుకి తగిలేసరికి స్ట్రెచర్ నీళ్ళ అంచున ఉంది.

పదిహేడు నిమిషాలు, ఒకే కాల్. రాజోలు ఆసుపత్రిలో గంట తిరక్కుండా ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం.

ఈ సంగతి ఆవిడ నాకు మధ్యాహ్నం ఫోన్ చేసి చెప్పారు. నేను మూర్తి గారి గదిలోకి వెళ్ళి చెప్పబోయి, చెప్పలేక, ఆయన ఎదుటే ఏడ్చేశాను. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో నాకు శాలువా కప్పినరోజు ఉంది, మెడల్ ఇచ్చినరోజు ఉంది. నాకు మాత్రం ఆ రోజే పండగ. మూర్తి గారు లేచి వెళ్ళి తనే టీ తెచ్చారు.

వరద తీశాక ఒకసారి లంకకి వెళ్ళాను, పిల్లని చూడ్డానికి. పడవలో పదిమంది, అందులో ఆరుగురు ఫోన్లలో, ఒకరిని మించి ఒకరు గట్టిగా. నూకరాజు నాకేసి చూసి తల కొట్టుకున్నాడు. "మీ దయవల్ల నా పడవలో నిమ్మళం పోయిందండీ టవర్ గారూ. సంత అయిపోయిందండీ."

గుంజ వచ్చింది. నేను అలవాటుగా అందరి చేతుల వైపు చూశాను. ఒక్క చెయ్యీ కదల్లేదు. నా పక్కన కూర్చున్న ముసలావిడ చెంగుతో ముఖం తుడుచుకుని, ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది.

"ఏటి మద్దెలో ఉన్నానే. ఊఁ, నువ్వు చెప్పు. ఇంకా చెప్పు."